సెకండ్ హ్యాండ్ తెరచాప బోటు రివ్యూ: పైన పాలిష్ మస్తుంది, డెక్కు లోపల తడి

సగం చదివి వదిలేసేటోళ్ల కోసం ముందే చెప్తున్న, బోటు మంచిదే కానీ అడిగిన రేటుకు కాదు. ఆరున్నర లక్షలు చెప్పిండ్రు, మూడు లక్షల డెబ్బై వేలకు తెగింది, మధ్యల తగ్గిందాంట్ల చాన మటుకు డెక్కు (బోటు మీద మనం నడిచే పైభాగం) లోపలున్న తడి వల్లనే తగ్గింది. ఆ తడి ఉందని కండ్లకు కనిపించదు, అమ్మేటోడు చెప్పడు, ఫోటోలల్ల అస్సలు రాదు. అందుకే ఈ రివ్యూల సెయిల్ ఎట్ల ఎగిరింది, గాలికి ఎంత స్పీడ్ పోయింది అన్న ముచ్చట తక్కువుంటది, డెక్కు ముచ్చటే ఎక్కువుంటది. ఓపిక ఉంటే చదవుండ్రి.

సరుకు ఏందంటే, 22 అడుగుల ఫైబర్ బోటు, బయట దేశంల తయారైంది, 1990ల నాటిది, ఇద్దరు పండుకునేంత చిన్న క్యాబిన్, రెండు సెయిళ్లు, వెనక తగిలించుకునే 5 హార్స్ పవర్ ఇంజన్, కింద కీల్ (బోటు పక్కకు ఒరిగి జరగకుండ నీళ్లల్లకు దిగే రెక్క) లోపలికి లేపుకోవచ్చు, ట్రైలర్ కూడ దాంతోనే. కొల్లాపూర్ దిక్కు ఒక ఫామ్‌హౌస్‌ల యాపచెట్టు కింద కొన్నేండ్లుగా పడి ఉంది. ఓనర్ హైదరాబాద్‌ల పెద్ద సారు, ఒకప్పుడు శ్రీశైలం బ్యాక్ వాటర్‌ల తిప్పిండంట, తర్వాత టైమ్ లేక పక్కన పెట్టిండు. మధ్యల ఒక బ్రోకర్. పేర్లు వద్దు, ఎవరి మీదా నాకు పగ లేదు.

పాలమూరోనికి తెరచాప బోటు ఎందుకురా అని మా ఇంట్ల అడిగినట్టే మీరు కూడ అడుగుతరని తెలుసు. హుస్సేన్ సాగర్‌ల సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ లాంటివి ఉన్నయి, అక్కడ పిల్లలు చిన్న బోట్లైన ఆప్టిమిస్ట్‌లల్ల, పెద్దోళ్లు లేజర్‌లల్ల పోటీలు పెట్టుకుంటరు. నేను కూడ ఉద్యోగం పేరు మీద హైదరాబాద్‌ల ఉన్నప్పుడు అట్లనే తాడు పట్టుడు నేర్చుకున్న. లేజర్ అంటే నాలుగు మీటర్ల పైచిల్లర బోటు, ఒక్కనికే, తడవకుండ ఇంటికి రావుడు కుదరదు. ఇంటోళ్లను తీస్కపోవాలంటే కూసునే జాగ, నీడ ఉన్న బోటు కావాలె. నీళ్ల సంగతంటరా, మన దిక్కు నీళ్లకేం తక్కువ. సోమశిల దగ్గర కృష్ణ నిండినప్పుడు సూడుండ్రి ఒకసారి. శ్రీశైలం ఫుల్ లెవెల్ 885 అడుగులు, అది నిండితే ఇక్కడి దాక నీళ్లే. ఎండాకాలం వచ్చేసరికి అదే జాగల బురద, ఇంక కిందికి దిగితే అవతలి ఒడ్డు దిక్కు సంగమేశ్వరం గుడి బయటపడ్తది. గట్ల లెవెల్ మారే నీళ్లల్ల ఫిక్స్‌డ్ కీల్ బోటు పెట్టుకుంటే ఒకనాడు అది బురదల కూలబడ్తది. అందుకే కీల్ లేపుకునే బోటు కోసమే చూసిన, ఇది ఆ లెక్కకు సరిగ్గ సరిపోయింది, అసలు బేరానికి పోవుడే దానికి.

ఇగ పోయి చూస్తే, అబ్బ, తళతళ మెరుస్తుంది. మేం వస్తున్నమని చెప్పి కార్లకు కొట్టే పాలిష్ కొట్టించినట్టున్నరు. బోటు ఒంటి మీద గీతలు లేవు, కిటికీల అద్దాలు కొత్తవి, పేరు కూడ కొత్తగ రాయించిండ్రు. మా బావమరిది జడ్చర్లల బండ్ల మెకానిక్, ఆయనను ఎంబడి తీస్కపోయిన, బోటు గురించి ఏం తెల్వకున్నా ఇనుము, నట్టు, బోల్టు భాష తెలుస్తది కద. ఆయన వచ్చుడు వచ్చుడే, "బావా, బండికి గింత పాలిష్ పెట్టిండ్రంటే ఏదో దాస్తున్నరు" అన్నడు. నేను నవ్విన గానీ లోపల్లోపల నాకూ అదే డౌటు.

ఇక్కడ డెక్కు అంటే ఏందో జర చెప్పాలె, లేకుంటే కింద రాసేది అర్థం కాదు. ఫైబర్ బోటు డెక్కు ఒకటే మందం ఫైబర్ కాదు. పైన ఒక పొర, కింద ఒక పొర, నడుమ తేలికైన సరుకు, అది బాల్సా కట్టె అయినా ఉంటది, ప్లైవుడ్ అయినా ఉంటది, ఫోమ్ అయినా ఉంటది. మన ఇంట్ల బాత్‌రూమ్‌కు పెట్టే ఫ్లష్ డోర్ ఉంటది కద, రెండు దిక్కుల షీటు, నడుమ తేలిక కట్టె, అదే పద్ధతి. బరువు తక్కువ, గట్టితనం ఎక్కువ. రెండు పొరలు నడుమ సరుకుకు అతుక్కొని ఉన్నంత కాలం ఏనుగు ఎక్కినా ఊగదు. బాత్‌రూమ్ డోర్ కింద అంచుకు నీళ్లు తగిలి ఎట్ల ఉబ్బి పొరలు ఊడొస్తదో డెక్కు గూడ అట్లనే అయితది, కాకపోతే డోర్ మార్చాలంటే నాలుగైదు వేలు, ఇది మార్చాలంటే లక్షలు.

నీళ్లు ఫైబర్ లోంచి దిగయి. బోల్టు రంధ్రాల్లోంచి దిగుతయి. డెక్కు మీద ఎన్ని ఫిట్టింగులు ఉంటయో చూడుండ్రి, అంచుల పొంటి రెయిలింగ్ నిలబెట్టే స్టాంచన్లు, తాళ్లు కట్టే క్లీట్లు, వించ్‌లు, సెయిల్ ట్రాకు, క్యాబిన్ పై మూత (హ్యాచ్) ఫ్రేము, సెయిల్ కట్టే స్తంభం (మాస్టు) కింద ప్లేటు, పక్కల మాస్టును పట్టుకునే తీగల కోసం చెయిన్ ప్లేట్లు. ప్రతి దానికి నాలుగు బోల్టులు, ప్రతి బోల్టుకు ఒక రంధ్రం, ప్రతి రంధ్రం నడుమ కట్టెలకెల్లి పోతది. కంపెనీల పెట్టిన సీలెంట్ కొన్నేండ్లకు ఎండి పగులుతది. స్టాంచన్‌ను పట్టుకొని మనుషులు ఎక్కుడు దిగుడు చేస్తరు, ఆ ఊపుకు సందు పెద్దగ అయితది, ఇగ వానాకాలం వస్తే నీళ్లకు దారి దొరికినట్టే. దిగిన నీళ్లు బయటికి రావు, రెండు పొరల నడుమ ఇరుక్కుంటయి.

ఈ బోటుకు ఇంకో కథ ఉంది. మీద కప్పిన టార్పాలిన్ నడుమల కుంగి బొంద పడ్డది, ఆ బొందల నీళ్లు నిలిచి, అంచు చిరిగిన కాడ సన్నగ కారి కూసునే గుంత లాంటి కాక్‌పిట్‌ల పడుతున్నయి. కాక్‌పిట్‌ల నీళ్లు పోయే పైపులు రెండు ఉన్నయి, రెండు యాపాకుతోని, పుల్లలతోని మూసుకపోయినయి. వేలు పెట్టి తీస్తే ఆకు, మట్టి కలిసి గడ్డ కట్టిన ముద్ద వచ్చింది, దాన్నిండ వానపాములు. బోటుల వానపాములేందిరా నాయనా అనుకున్న. అంటే ఎన్ని వానాకాలాలు నిలిచినయో లెక్కేసుకోండ్రి.

బ్రోకర్ అన్న ఫోన్‌ల "డెక్కు పక్కా డ్రై అన్నా, ఆఫీసర్ వాడిన బోటు" అన్నడు. నేను డెక్కు పరీక్ష చేసే సామాన్లు బయటికి తీసేసరికి ఆయన మొఖం మారింది.

చెప్పులిడిసి ఉత్త కాళ్లతోని మీదికి ఎక్కిన. ఇది మొదటి టెస్టు, పైసా ఖర్చు లేదు. మడిమ మీద బరువేసి, ఒక్కో అడుగు చిన్నగ, డెక్కు అంత తిరగాలె. బూట్లతోని తెల్వదు. ముందు భాగం గట్టిగనే ఉంది. ఎడమ పక్కన మాస్టు దాటినంక కాలి కింద ఒక జాగల సన్నగ మెత్తగ దిగింది, దిగి మళ్ల లేచింది. బావమరిదిని నిలబడుమన్న, ఆయన నాకన్న బరువు, ఆయన కాలు పెట్టగానే పక్కన ఉన్న స్టాంచన్ బేసు అంచు నుంచి ఎర్రటి నీళ్ల చుక్క ఒకటి పైకి ఉబికింది. కాలు తీస్తే లోపలికి పోయింది. మళ్ల పెడితే మళ్ల వచ్చింది. ఆ ముందటి రోజుల్ల వాన లేదు. అందరం దాన్నే చూసుకుంట నిలబడ్డం, బ్రోకర్ అన్న ఫోన్ మాట్లాడుకుంట యాపచెట్టు దిక్కు నడిచిపోయిండు.

తర్వాత కొట్టి చూసుడు. బోట్లు పరీక్షించే సర్వేయర్లు చిన్న ప్లాస్టిక్ సుత్తె వాడ్తరు, నేను స్క్రూడ్రైవర్ పిడి వాడిన, అదే పని చేస్తది. గట్టిగ కొట్టొద్దు, పైన మెరిసే పూత (జెల్ కోట్) పగుల్తది, తేలిగ్గ తట్టాలె. ముందు మంచిగుందని నమ్మకం ఉన్న జాగల కొట్టి ఆ సప్పుడు చెవిల పెట్టుకోవాలె. మంచి జాగల "టక్ టక్" అని గట్టిగ, ఖంగుమని తిరిగొస్తది. పొర ఊడినకాడ, కట్టె మురిగినకాడ "దబ్ దబ్" అని చచ్చిన సప్పుడు. రెండు అంగుళాలకు ఒకసారి కొట్టుకుంట పోతే ఎక్కడ మారిందో చిన్న పిల్లగానికి గూడ తెలుస్తది. బావమరిది చేతిల చాక్‌పీస్ పెట్టిన, సప్పుడు మారిన ప్రతికాడ గీత గీసిండు. ఒక గంట తర్వాత డెక్కు మీద మ్యాప్ తయారైంది. ఎడమ పక్క నడిచే దారి మీద ఒక పెద్ద మచ్చ, కుడి పక్కన రెండు స్టాంచన్ల చుట్టు చిన్నవి, ముందు హ్యాచ్ మూలకు ఒకటి. ఒకటి గుర్తు పెట్టుకోండ్రి, డెక్కు కింద అడ్డగోడ ఉన్నకాడ సప్పుడు కురచగ మారుతది, అది తడి కాదు, అది గోడ. లోపలికి పోయి ఎక్కడ గోడ ఉందో చూసి పోల్చుకోవాలె, లేకుంటే మంచి జాగను గూడ ఖరాబ్ అని గీసేస్తం.

కండ్లతోని చూసేటివి గూడ ఉన్నయి. స్టాంచన్ కాళ్ల చుట్టు జెల్ కోట్‌ల సాలెగూడు తీరుగ సన్న పగుళ్లు ఉంటే ఆ జాగ ఊగుతుందని అర్థం. క్యాబిన్ లోపల సీలింగ్ మీద బోల్టుల కింద గోధుమ రంగు చారలు ఉంటే పై నుంచి దిగుతున్నట్టే. ఈ బోటుకు లోపల తెల్ల పెయింట్ కొత్తగ కొట్టిండ్రు, చారలు కనిపించలే, కానీ నట్లు మాత్రం తుప్పు పట్టి ఉన్నయి, పెయింట్ కొట్టినోనికి నట్టు మార్చే ఓపిక లేనట్టుంది. పైన ఫిట్టింగుల చుట్టు తెల్లగ సిలికాన్ రుద్దిండ్రు, అది గూడ కొత్తదే. బయట నుంచి సిలికాన్ రుద్దుడు అంత పనికిమాలిన పని ఇంకోటి లేదు, నీళ్లు వచ్చే దారి ఆగదు గానీ లోపల ఉన్నవి బయటికి పోయే సందు మూసుకపోతది, పైగా రేపు పెయింట్ ఏద్దామంటే సిలికాన్ మరక మీద పెయింట్ పట్టదు.

మాయిశ్చర్ మీటర్ గురించి చాన మంది అడుగుతరు కాబట్టి దాని రివ్యూ గూడ ఇండ్లనే. హైదరాబాద్‌ల దోస్తు దగ్గర ఒకటి అడిగి తెచ్చిన, సూదులు గుచ్చే రకం కాదు, మీద ఆనిస్తే చాలు. బోటోళ్లల్ల ట్రామెక్స్ స్కిప్పర్ లాంటివి ఫేమస్, ఖరీదు ఎక్కువ, ఒక్క బోటు కోసం కొనొద్దు. మీటర్ అంకె చూసి "ఇంత శాతం తడి" అని చదువుకోవద్దు, ఫైబర్ మీద ఆ అంకెకు శాతం అనే అర్థం లేదు. పొడి జాగల ఎంత చూపెడుతుంది, ఇక్కడ ఎంత చూపెడుతుంది, ఆ తేడానే చూడాలె. ఇంకోటి, డెక్కు పైన మంచు తడి ఉన్నా, చెమట చెయ్యి తగిలినా, కింద లోహపు ముక్క ఉన్నా ముల్లు సీదా చివరికి కొడ్తది. మాకు వెనక భాగంల ఒకకాడ ఫుల్ చూపెట్టింది, సప్పుడేమో మంచిగుంది, ఏందబ్బా అని లాకర్‌ల తలకాయ పెట్టి చూస్తే క్లీట్ కింద అల్యూమినియం ప్లేటు. కాబట్టి మీటర్, సప్పుడు, కాలు, ఈ మూడు ఒకే మాట చెప్పినకాడ నమ్మాలె. మీటర్ ఒక్కటే చూసి మంచి బోటు ఇడిసిపెట్టొద్దు, ఒక్కటే చూసి కొనొద్దు. నా లెక్కల మీటర్‌కు ఐదుకు రెండున్నర, స్క్రూడ్రైవర్ పిడికి ఐదుకు ఐదు.

ఇంత అయినంక గూడ బ్రోకర్ అన్న "ఇది పాలమూరు ఎండ అన్నా, రెండు నెలలు ఎండల పెడితే రాయి గూడ ఆరుతది" అన్నడు. వినడానికి మంచిగనే ఉంటది. కానీ పైన ఫైబర్, కింద ఫైబర్, నడుమ తడి, ఆవిరి ఎటు పోవాలె? బోల్టు సందులకెల్లి ఎంత పోతది? మూతపెట్టిన నీళ్లు ఎండకు ఉడుకుతయి గానీ ఆరయి, ఆ ఉడుకు తడికి కట్టె ఇంక జల్ది మురుగుతది. చలిదేశాలల్ల ఆ నీళ్లు గడ్డ కట్టి పొరలు చీలుస్తయి, మనకు ఆ బాధ లేదు, మనకు మురుగుడు బాధ.

అసలు తేలాల్సింది లోపలి కట్టె ఏ స్థితిల ఉందో. తడి వేరు, మురుగుడు వేరు. దానికి రంధ్రం పెట్టి చూసుడు తప్ప తొవ్వ లేదు. ఓనర్ సారుకు ఫోన్ చేసి అడిగిన, పైన పెట్టొద్దు అన్నడు, న్యాయమే, నా బోటైనా వద్దంటుంటి. లోపల నుంచి, సీలింగ్‌లకెల్లి, మూడు కాడ పెట్టుకోమన్నడు. ఈ విషయంల సారుకు మార్కులు ఇయ్యాలె, చాన మంది అసలు ఒప్పుకోరు. 3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టుకు కొసన కొంచెం ఇడిసి టేపు చుట్టిన, అంతకన్న లోపలికి పోతే పై పొరకు కొడ్తది కాబట్టి. మొదటిది మంచి సప్పుడు వచ్చినకాడ పెట్టినం, అరచేతిల తెల్లటి పొడి రాలింది, ఊదితే ఎగిరిపోయింది. రెండోది ఎడమ పక్క మచ్చ నడుమల. బిట్టు ఫైబర్ దాటినంక ఏం అడ్డు లేనట్టు దిగిపోయింది, బయటికి తీస్తే మరలకు నల్లటి ముద్ద చుట్టుకొని ఉంది, వేళ్ల నడుమ నలిపితే నీళ్లు. మురిగిన కట్టె వాసన క్యాబిన్ నిండ పట్టుకుంది. మూడోది చెయిన్ ప్లేటు పక్కన, మాస్టు పక్కల తీగలు డెక్కు దాటి లోపల అడ్డగోడకు బోల్టు అయ్యే జాగ. నా గుండె దడదడ కొట్టింది ఇక్కడే. పొడి జర రంగు మారి ఉంది, చెమ్మ ఉంది, కానీ కట్టె గట్టిగనే ఉంది, బిట్టుకు అడ్డు తగిలింది. అడ్డగోడ ప్లైవుడ్ కింద అంచు దాక స్క్రూడ్రైవర్ మొనతోని పొడిచి చూసిన, దిగలే.

ఈ మూడో రంధ్రమే నన్ను ఆ బోటు కొననిచ్చింది. నడిచే దారి మురిగితే అది పైసల సమస్య. చెయిన్ ప్లేటు దగ్గర, మాస్టు కింద మురిగితే అది మాస్టు కూలే సమస్య. అక్కడి స్టెయిన్‌లెస్ స్టీలు గూడ తడి సందుల గాలి ఆడకుండ ఉంటే లోపల్లోపల తినేసుకుంటది, బయట మెరుస్తనే ఉంటది. ఆ జాగల ముద్ద వచ్చి ఉంటే అక్కడికక్కడే బండి తిప్పి సోమశిలల చేపల కూర తిని ఇంటికొద్దుము.

ఇగ బేరం. నేను లొల్లి పెట్టుకోలే. చాక్ గీతల లోపల టేపుతోని కొలిస్తే 14 చదరపు అడుగుల దాక వచ్చింది. ఆ ఫోటోలు, స్టాంచన్ కాడ నీళ్ల చుక్క వీడియో, బిట్టు మీది ముద్ద ఫోటో, అన్నీ సారుకు వాట్సాప్ పెట్టిన. చాక్ గీతకు అవతల ఇంకో జానెడు ఉంటదని, రిపేరు ఖర్చు దాన్ని బట్టే లెక్కేసిన అని రాసిన. సారు ఒకపూట గమ్మున ఉండి, తర్వాత ఆయనే ఫోన్ చేసి నాలుగుకు దిగిండు. ఇంకో ముప్పై వేలు ఇంజన్ స్టార్ట్ కానందుకు. బ్రోకర్ అన్న కమిషన్ ఆయనే ఇచ్చుకున్నడు. ఓనర్‌కు ఐదుకు నాలుగు, బ్రోకర్‌కు ఒకటి, అది గూడ చాయ్ తాపినందుకు.

రిపేరు ఎండాకాలంల పెట్టుకున్న, అది మస్తు కలిసొచ్చింది. ఫైబర్ ట్యాంకులు, బస్సు బాడీల పని చేసే మేస్త్రీని మాట్లాడిన, చేతి పని బంగారం. గ్రైండర్‌కు సన్న బ్లేడు పెట్టి పై పొరను గీత పొంటి కోసి, ఉలి పెట్టి లేపితే తడి జాగల షీటు ఉత్త చేత్తోనే వచ్చేసింది, కింద నల్లటి బురద. అంచుల దగ్గర మాత్రం ఉలితోని పోరాటమే, అంటే అక్కడ ఇంక అతుకు మంచిగుందని లెక్క. బాల్సాను చిన్న చిన్న దిమ్మెలుగ, పోగులు నిలువుగ ఉండేటట్టు పేరుస్తరు, అట్లైతే నీళ్లు పక్కకు జల్ది పాకవు, కానీ దిమ్మెల నడుమ సందులుంటయి కద, వాటి పొంటి పోనే పోయినయి. 14 అడుగులు 19 అయింది. ముందే రేటుల కలిపిన కాబట్టి బాధనిపించలే. ఈసారి మాత్రం బ్రోకర్ అన్న చెప్పిన ఎండ పనికొచ్చింది, పై పొర తెరిచి పెట్టినంక మిగిలిన అంచులు పొద్దున తడి, రెండు మూడు పొద్దులకు సున్నం లెక్క ఎండినయి.

మేస్త్రీతోని ఒక్క విషయంలనే పంచాయితీ. ఆయన పాలిస్టర్ రెజిన్ (ఫైబర్ అతికే జిగురు), దాన్ని గట్టిపరిచే కోబాల్టు, హార్డనర్, గాజు పోగుల మ్యాటు, ఈ సెట్టు తోనే వస్తడు. "సార్, నేను పుట్టినకాడికెల్లి ఇదే కొడ్తున్న, ఊడిందన్నోడు లేడు" అంటడు. కొత్త ట్యాంకుకు కరెక్టే మేస్త్రీ, పాత ఫైబర్‌కు కొత్తది అతకాలంటే ఎపాక్సీ అనే వేరే రెజిన్ గట్టిగ పట్టుకుంటది అన్న. ఎపాక్సీ వాడితే మామూలు మ్యాటు పనికిరాదు, ఆ మ్యాటు పోగులను పట్టి ఉంచే జిగురు పాలిస్టర్‌ల ఉండే స్టైరీన్‌కే కరుగుతది, ఎపాక్సీకి కరగదు, అందుకే నేసిన గుడ్డ తెచ్చిన. నడుమల బాల్సా బదులు పీవీసీ ఫోమ్ ఏసినం, గాలిమరల రెక్కలల్ల గూడ ఈ ఫోమ్, బాల్సా వాడ్తరు కాబట్టి మన దేశంల దొరుకుతది, కాకపోతే చిన్న ముక్క అమ్మరు, షీటు మొత్తం కొనాలె. పాత పొర 3 మిల్లీమీటర్లు, దాని అంచును పన్నెండింతలు, అంటే అంగుళంన్నర దాక ఏటవాలుగ గీరినం, కొత్త గుడ్డ దాని మీదికి ఎక్కి కూసుండాలె, ఇట్ల గీరకుంటే ఆ గీత మీదనే మళ్ల పగుల్తది. మేస్త్రీకి ఈ గీరుడు దండగ అనిపించింది, ముక్కుకు దస్తీ కట్టుకొని తిట్టుకుంటనే చేసిండు. ఇంకోటి, మన ఎండల ఎపాక్సీ మగ్గునిండ కలిపితే నిమిషాలల్ల పొగొచ్చి మగ్గుతోని సహా గట్టిపడ్తది. తెల్లారుజామునే, కొంచెం కొంచెం, వెడల్పు ట్రేల పోసుకొని పని చేసినం, పది కొట్టేసరికి బంద్.

బోల్టుల సంగతే అసలు ముఖ్యం, ఇది చేయకుంటే నాలుగేండ్లకు మళ్ల అదే కథ. ఒక్కో ఫిట్టింగ్ ఊడదీసి, రంధ్రం పెద్దగ తొలిచి, చుట్టు కట్టె గీకేసి, పొడి కలిపిన చిక్కటి ఎపాక్సీ నింపి, ఎండినంక దాని నడుమల మళ్ల బోల్టు సైజు రంధ్రం. ఇప్పుడు సీలెంట్ పోయినా నీళ్లకు తగిలేది ఎపాక్సీ గోడ, కట్టె కాదు. కింద వెడల్పు ప్లేట్లు, పైన నీళ్లు దిగకుండ మెత్తగ అంటుకునే బ్యూటైల్ టేపు. టేపు మన దిక్కు బోటు షాపు లేక తిప్పలు పడ్డం. మేస్త్రీ కూలి, సామాను కలిపి లక్షా పది వేలు దాటింది.

మిగిలినవి తొందరగ చెప్తా. పెద్ద సెయిల్ పర్వాలేదు, ముందుది సంచి లెక్క అయింది, మార్చాలె. మాస్టు తీగలు పాతవి, వయసు తెలియకుంటే మార్చుడే మంచిది, పదిహేనేండ్ల మీద నమ్మొద్దు, నేను మార్చిన. కీల్ లేపే వించ్ మంచిగుంది. ట్రైలర్ టైర్లు మాడిపోయినయి. ఇంజన్‌కు కార్బురేటర్ కడిగితే బావమరిది చేతిల దెబ్బకు స్టార్ట్ అయింది, ఆ ముప్పై వేలు మాకు మిగిలినట్టే. కాగితాల విషయంల ఇంజన్ ఉన్న బోటుకు ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం, 2021 కింద రిజిస్ట్రేషన్ కావాలె, రిజర్వాయర్‌ల దింపాలంటే పర్మిషన్ వేరే, ఆ ఆఫీసుల తిరుగుడు రాస్తే ఇంకో రివ్యూ అయితది.

నీళ్లల్ల ఎట్లుందంటరా, సాయంత్రం గాలికి నిమ్మళంగ ఒరిగి పోతది, ఇంటోళ్లు భయపడలే, పిల్లలు ముందు డెక్కు మీద కూసుంటే కింద ఎక్కడా ఊగుడు లేదు. సోమశిల ఒడ్డున పుట్టి ఏసుకునే ఒక పెద్దయ్య వచ్చి డెక్కు మీద మునివేళ్లతోని కొట్టి చూసి "లోపల డొల్లనా బిడ్డా?" అని అడిగిండు. ఫోమ్ ఉంది పెద్దయ్యా అంటే, నా పుట్టికి తారు పూస్తే సాలు, దీనికి గింత కథనా అన్నట్టు చూసిండు. మొన్నటి పెద్ద వాన తర్వాత క్యాబిన్‌ల పండుకొని సీలింగ్ అంత టార్చ్ పట్టి చూసిన, కొత్తగ చేసిన జాగలన్నీ పొడిగ ఉన్నయి. ముందు హ్యాచ్ మూల ఒక్కటి మాత్రం ఇంక తెరవలే, అక్కడ సప్పుడు కొంచెం తేడానే, మీటర్ గూడ నడుమల ఊగుతుంది, ఫ్రేము తీస్తే అద్దం పగుల్తదని మేస్త్రీ అంటున్నడు. అది వచ్చే ఎండాకాలం పని. అప్పటి దాక డెక్కుకు ఐదుకు మూడున్నర, బోటు మొత్తానికి, నేను పెట్టిన పైసలకు, నాలుగు. ఆరున్నర లక్షలకైతే ఒకటిన్నర.